అవతలి ఒడ్డు అధ్యాయం

"విశ్వంలో ఉన్న తెలుగువాళ్ళందరికీ విండ్సర్ నగరాన్ని పరిచయం చేయాల్సిన చారిత్రక బాధ్యత మన భుజాల మీద పడింది!" అని కెనడాలోని నదీతీర తెలుగు సమితి అధ్యక్షురాలు రత్నకుమారి గారు ప్రకటించారు. అంతవరకు అలాంటిదేదీ తమ భుజాల మీద పడినట్టు కార్యవర్గంలో ఎవరికీ తెలియదు. అయినా అందరూ భుజాలు సర్దుకుని చప్పట్లు కొట్టారు.

అసలు సంగతేమిటంటే, ఆ ఏడాది విమానం దిగిన ప్రతి విద్యార్థీ సమితి వాట్సాప్ గ్రూపులో చేరి, "ఆంటీ, అద్దెకు బేస్‌మెంట్ ఖాళీ ఉందా? అంకుల్, పార్ట్‌టైమ్ ఏమైనా ఉందా?" అని ప్రాణం తీస్తున్నాడు. బేస్‌మెంట్ ఇవ్వడం కన్నా పుస్తకం ఇవ్వడం తేలికని పెద్దలు తేల్చారు. 'మన విండ్సర్: సమగ్ర యాత్రాదర్శిని' అలా మొదలైంది. ఆన్‌లైన్‌లో ఒకే డాక్యుమెంట్‌లో అందరూ రాయాలి, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి.

దిద్దారు! గోదావరి వాళ్ళు రాసిన బిర్యానీ పేరాలో బిర్యానీ అన్న చోటల్లా హైదరాబాద్ వాళ్ళు తెల్లారేసరికి పలావు అని మార్చేశారు. కొత్తగా వచ్చిన కావ్యశ్రీ అనే విద్యార్థిని గదులు ఎక్కడ దొరుకుతాయో, ఏ బస్సు ఎక్కితే కాలేజీ వస్తుందో ఒక పేజీ రాస్తే, "ఇది పర్యాటకం కిందికి రాదు" అని తీసేశారు. అన్నీ తీసేయగా పుస్తకంలో విండ్సర్ గురించి మిగిలింది కొంచెమే. నది అవతల కనిపించే అమెరికా నగరం డెట్రాయిట్ గురించి మాత్రం బోలెడంత ఉంది.

ఆ అధ్యాయం మధుసూదన్‌ది. ఇక్కడే చదువుకుని, ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా కుదురుకున్నాడు. "నేను అమెరికాలో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టకుండా టీ కూడా అడగడు.

ఉన్నమాట నిజమే. ఎంతసేపు ఉన్నాడన్నదే ఎవరూ అడగలేదు. చదువయ్యాక వర్క్ పర్మిట్ త్వరగా కావాలంటే ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. నది మీదున్న బ్రిడ్జి దాటి అమెరికా సరిహద్దు ఆఫీసుకు వెళ్ళి, "నాకు మీ దేశంలోకి రావాలని లేదు" అని చెప్పాలి. వాళ్ళు సంతోషంగా ఒక కాగితం చేతికిచ్చి వెనక్కి పంపుతారు. అలా తిరిగొచ్చి, కెనడా కౌంటర్‌లో పర్మిట్ తీసుకోవచ్చు. దాన్ని ఫ్లాగ్‌పోలింగ్ అనేవారు. ఆ పుణ్యమా అని మధుసూదన్ చూసిన అమెరికా ఒక హాలు, కొన్ని కుర్చీలు, గోడ మీద ఒక జెండా. వాటిలోంచే పుస్తకంలోకెల్లా పెద్ద అధ్యాయం పిండాడు!

ఆ శ్రమకు మెచ్చి, ప్రధాన సంపాదకుడిగా అతని పేరు ముఖపత్రం మీద అందరికన్నా పైన వేస్తామని సమితి మాటిచ్చింది. మధుసూదన్ ఆ సంగతి సిద్దిపేటలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పేశాడు. ఇప్పుడు ఆ పేరు ఊడిందంటే ఇక ఊళ్ళో తలెత్తుకోలేడు.

సరిగ్గా అప్పుడే రత్నకుమారి గారికి మరో ఆలోచన వచ్చింది. "అచ్చుకిచ్చే ముందు నమూనా ప్రతిని అవతలి ఒడ్డునే ఆవిష్కరిద్దామండీ! మన మధు అన్నీ దగ్గరుండి చూపిస్తాడు. నేనెలాగూ వీకెండ్ వీకెండ్‌కీ షాపింగ్‌కి అక్కడికే వెళ్తుంటాను కదా!"

"నేను కార్లో గ్యాస్ కొట్టించేదే అక్కడ. పెట్రోలు ఎంత చవకో!" అన్నారు కోశాధికారి కేశవరావు గారు.

మధుసూదన్‌కు అమెరికా వీసా లేదు. లేదని చెబితే అధ్యాయం పోతుంది, దాంతోపాటు పేరూ పోతుంది. ఎవరో ఒకరు ఈ ప్రయాణం ఆపకపోతారా అనుకుని, "మస్తు ఐడియా మేడం!" అన్నాడు.

శనివారం కేశవరావు గారి వ్యాన్ బయలుదేరింది. రత్నకుమారి గారు పట్టుచీర కట్టుకున్నారు. నమూనా ప్రతికి ఎర్ర రిబ్బన్ కట్టారు. ఫొటోలు తీయడానికి కావ్యశ్రీని ఎక్కించుకున్నారు. బ్రిడ్జి దగ్గర పడుతుండగా ఆ పిల్ల ఒక్క మాట అడిగింది.

"ఆంటీ, నాకు యూఎస్ వీసా లేదు. మీ అందరికీ ఉందా?"

వ్యాన్‌లో ఎవరికో పొరబోయింది.

"అదేం ప్రశ్నమ్మా!" అన్నారు ముగ్గురూ ఒకేసారి. కావ్యశ్రీ ఒడ్డున దిగిపోయింది. అలా దిగిపోగలిగిన మనిషిని చూసి మధుసూదన్‌కు కడుపు మండింది.

"గాలి మస్తుగుంది మేడం. ఇంకో దినం పోదామా?" అన్నాడు.

"గాలికి భయపడితే ఎలా బాబూ! అయ్యో, నా హ్యాండ్‌బ్యాగ్ ఇంట్లో మర్చిపోయినట్టున్నాను!"

"మీ ఒళ్ళోనే ఉందండీ," అన్నారు కేశవరావు గారు. "కానీ గ్యాస్ తక్కువుందే..."

"అవతల చవకన్నారుగా!"

ఇలా ఒకరి దారి ఒకరు మూసేసుకుంటూ బ్రిడ్జి ఎక్కేశారు. ఎక్కాక వెనక్కి తిరగడానికి అక్కడ దారి లేదు.

"ఏం పని మీద వచ్చారు?" అని అడిగాడు అమెరికా ఆఫీసర్.

"పుస్తకావిష్కరణ!" అన్నారు రత్నకుమారి గారు హుందాగా.

"వీసాలు?"

ముగ్గురూ జేబులూ బ్యాగులూ తెగ వెతికారు. లేని వస్తువు కోసం అంత శ్రద్ధగా వెతికిన వాళ్ళను ఆ ఆఫీసర్ చూసి ఉండడు. ముగ్గుర్నీ హాల్లో కూర్చోబెట్టి, కంప్యూటర్ చూసి మధుసూదన్‌ను పిలిచాడు. "నువ్వు ఒకసారి వచ్చావు. రావాలని లేదని చెప్పి వెళ్ళావు. మనసు మారిందా?"

ఆఫీసర్ కేశవరావు గారి వైపు తిరిగాడు. "మీరు రావడం ఇదే మొదటిసారి."

"మరి గ్యాస్?" అని గద్దించారు రత్నకుమారి గారు.

అప్పుడు ఆఫీసర్ ఆవిడను చూసి చనువుగా నవ్వాడు. "మేడమ్, మళ్ళీ లేన్ తప్పి బ్రిడ్జి ఎక్కేశారా? ఇది మూడోసారి! ఆ జీపీఎస్ మార్చమని పోయినసారే చెప్పాను కదా!"

మధుసూదన్‌కు ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకోలేక జెండా వైపు తిరిగి నిలబడ్డాడు. అమెరికా అంటే అతనికి నిజంగా ఇష్టం కలిగింది అప్పుడే.

తలా ఒక కాగితం పుచ్చుకుని ముగ్గురూ వెనక్కి బయలుదేరారు. బ్రిడ్జి సగం దాటాక రత్నకుమారి గారు నోరు విప్పారు. "దీన్ని పుస్తకంలో ఎలా రాస్తాం?"

"ఉన్నది ఉన్నట్టే రాద్దామండీ," అన్నారు కేశవరావు గారు. "అమెరికా ప్రభుత్వ అధికారి స్వయంగా ఎదురొచ్చి, ఆసీనులను చేసి, క్షేమసమాచారాలు అడిగి, సంతకం చేసిన పత్రం సమర్పించి, సరిహద్దు దాకా సాగనంపారు. ఇందులో ఒక్క అబద్ధం ఉందేమో చూపించండి!"

లేదు. ముగ్గురూ మనసారా సంతోషించారు.

"అయితే ముఖపత్రం మార్చాలి," అన్నారు రత్నకుమారి గారు.

"నా పేరు పైననే కదా మేడం?"

"అదెలా బాబూ? అమెరికా అనుభవాన్ని బట్టే కదా ప్రధాన సంపాదకుడన్నాం! నువ్వెన్నిసార్లు వెళ్ళావు?"

"రెండుసార్లు..."

"నేను మూడు!"