ఎడమ నుంచి మూడో ఫోటో

ఆదివారం ఉదయం బందరులోని తన అద్దె ఇంట్లో పురుషోత్తం వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం అయిదింటికి బెజవాడ నుంచి ఒక మనిషి వస్తాడు. ఇల్లు చూస్తాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు.

కూతురు నాగశ్రీకి ఢిల్లీ దగ్గర ఒక పేరుమోసిన ప్రైవేటు యూనివర్సిటీలో సోషియాలజీ సీటు వచ్చింది. నాలుగేళ్ళకు నలభై ఎనిమిది లక్షలు. పురుషోత్తం ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. జీతం కాక అతనికున్నది నందివాడలో ఎకరంన్నర పొలం. ఈ నెల రోజులూ ఆ ఇంట్లో వేరే మాట లేదు.

"అక్కడ చదివినవాళ్ళు ఎక్కడికైనా వెళ్ళగలరమ్మా" అనేది నాగశ్రీ.

"ఎక్కడికైనా వెళ్ళడానికి మనకి బస్టాండుందిగా" అనేది ఇందిరాదేవి. బందరు కాలేజీలో మూడేళ్ళ డిగ్రీ ఫీజంతా కలిపినా ఢిల్లీలో మూడు నెలల హాస్టలు ఖర్చుకు రాదని ఆవిడ లెక్క.

పురుషోత్తం మనసు మాత్రం కూతురి వైపే ఉండేది. తనకు దొరకని చదువు దానికి దొరికితే చూడాలని అతని ఆశ. చివరకు ముగ్గురూ ఒక మాటకు వచ్చారు. యూనివర్సిటీవాళ్ళు ముప్పాతిక ఫీజు మినహాయిస్తే వెళ్ళడం, లేకపోతే బందరులోనే చేరడం. మినహాయింపుకు దరఖాస్తు పెట్టారు. నిజంగా లేనివాళ్ళో కాదో చూసి రమ్మని యూనివర్సిటీ పంపుతున్న మనిషే ఆ సాయంత్రం వచ్చేది.

ఇందిరాదేవి పొద్దున్నే వాయిదాల మీద కొన్న ఏసీకి పాత చీర కప్పేసింది. "అబద్ధం ఆడకూడదు గానీ, ఉన్నవన్నీ చూపించాలని ఎక్కడుందండీ" అంది. పురుషోత్తం ఆదాయ ధ్రువపత్రమూ సీటు కాగితమూ తీసుకుని సందు చివర భూషణం జిరాక్సు షాపుకు వెళ్ళాడు. అక్కడే ఫ్లెక్సులు కూడా వేస్తారు.

"భూషణం, ఫీజు మినహాయింపు సంగతి ఎవరికీ చెప్పకు. పరువు పోద్ది."

"నా ప్రాణం పోయినా చెప్పను బావగారూ" అన్నాడు భూషణం.

భూషణం మాట మీద నిలబడే మనిషి. మినహాయింపు సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ సీటు సంగతి చెప్పొద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. సందులో పిల్లకు ఢిల్లీలో సీటొస్తే ఫ్లెక్సు కట్టకుండా ఊరుకోవడం అతని దృష్టిలో మహాపాపం. పైగా అడుగున ఫోటో వేయించుకునే పెద్దమనుషులు తలా అయిదొందలు ఇస్తారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు పురుషోత్తం గుమ్మంలోకి వచ్చి చూస్తే ఎదురుగా రెండు స్తంభాల మధ్య పన్నెండడుగుల నాగశ్రీ నవ్వుతోంది. పక్కన ఎర్ర అక్షరాలతో 'ప్రముఖ భూస్వామి, విద్యాదాత శ్రీ పురుషోత్తం గారి గారాలపట్టికి శుభాభినందనలు' అని ఉంది. అడుగున వరసగా ఎనిమిది ఫోటోలు ఉన్నాయి.

షాపుకు పరుగెత్తాడు. "భూస్వామి ఏంటయ్యా? నేను గుమాస్తానయ్యా."

"ఫ్లెక్సు మీద గుమాస్తా అని ఎవరన్నా వేస్తారా బావగారూ? బాగోదు."

"అయిదింటికి మనిషొస్తాడు. వెంటనే తీయించెయ్."

"తీయించొచ్చు. ఆ ఎనిమిది మందికీ మీరే చెప్పుకోండి. నా ఫోటో చింపిస్తావా అని రేపొచ్చి అడిగితే నేను ఆ పక్కన కనపడను."

ఆ ఎనిమిది మందిలో నందివాడ గోవర్ధనరావుగారు ఉన్నారు. పొలానికి బోదె నీళ్ళు ఆయన గట్టు మీదుగానే రావాలి. బ్యాంకు మేనేజరు శేషగిరిరావుగారు ఉన్నారు. పురుషోత్తం నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాడు.

నాలుగింటికి ఎనిమిది మందీ శాలువాలతో దిగారు. ఫోటో వేయించుకున్నాక సన్మానం చేయకపోతే అయిదొందలూ దండగ కదా. షామియానా వాళ్ళ దగ్గర్నుంచి సింహాసనంలాంటి ఎర్ర కుర్చీ వచ్చింది. అది వరండాలో వేస్తుండగా సంచీ తగిలించుకున్న ఒకాయన ఆటో దిగాడు. ఢిల్లీ నుంచి ముఖ్య అతిథి వచ్చాడని ఎవరో అన్నారు. అనడమే తడవు, ఆయన మెడలో దండ వేసి, శాలువా కప్పి, ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టేశారు.

ఆయన పేరు అనంతకృష్ణ. గంట ముందే వచ్చిన ఆ బెజవాడ మనిషి ఆయనే. కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న ఫ్లెక్సును మొదటి అక్షరం నుంచి చివరి ఫోటో దాకా నింపాదిగా చదివాడు. తర్వాత సంచీలోంచి ఫైలు తీశాడు.

"పురుషోత్తంగారంటే మీరేనాండీ? ఫీజు కట్టలేమని రాసుకున్న భూస్వామిగారు?"

పురుషోత్తానికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. గుమ్మంలో నిలబడ్డ నాగశ్రీ ముఖం చూశాక, పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు.

"నేను భూస్వామిని కానండీ. నాకేం లేదు. కావాలంటే వీళ్ళని అడగండి" అన్నాడు.

పొగడటానికి వచ్చిన పెద్దమనుషులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ముందుగా గోవర్ధనరావు గొంతు సవరించుకున్నాడు.

"నిజమేనండీ. ఎకరంన్నర ఉంది గానీ చుట్టూ చేపల చెరువులు తవ్వేశారు. ఊట పట్టిపోయింది. ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు."

"ఆయన స్కూటరు చూడండి. తోసుకెళ్ళడమే ఎక్కువ" అన్నాడు మరొకాయన.

"పోయినేడు వేసుకున్న చొక్కానే ఇది" అన్నాడు ఇంకొకాయన.

ఆడపిల్ల చదువు కోసం సాక్ష్యం చెప్తున్నామన్న ఊపు అందర్లోనూ వచ్చేసింది. ఒకరు చెప్పిన దానికంటే మరొకరు ఓ మెట్టు కిందికి దించారు. పురుషోత్తం చేతులు కట్టుకుని తన బతుకంతా విన్నాడు. లోపల ఇందిరాదేవి ఏసీ మీద చీరను ఇంకాస్త కిందికి లాగింది. అందరికంటే పైచేయి మాత్రం శేషగిరిరావుదే.

"మాటలెందుకండీ, కాగితం మీద ఇస్తాను" అని, 'తీసుకున్న అప్పు తిరిగి కట్టే స్తోమత ఈ కుటుంబానికి ఏ కోశానా లేదు' అని రాసి, సంతకం పెట్టి, కింద తన హోదా కూడా వేశాడు. గోవర్ధనరావు ఊట సంగతి ఇంకో కాగితం మీద రాసిచ్చాడు.

అనంతకృష్ణ కళ్ళు తుడుచుకుంటూ శాలువాతోనే ఆటో ఎక్కాడు. నాలుగో రోజున ముప్పాతిక ఫీజు మినహాయించినట్టు ఉత్తరం వచ్చింది. నాగశ్రీ తండ్రిని పట్టుకుని ఏడ్చేసింది. మిగిలిన పన్నెండు లక్షలకు విద్యారుణం తీసుకోవడమే తరువాయి. పురుషోత్తం మర్నాడే స్వీట్లపొట్లం పట్టుకుని శేషగిరిరావు దగ్గరికి వెళ్ళాడు.

"చాలా సంతోషమండీ" అన్నాడు మేనేజరు, ఒక మైసూరుపాకు తీసుకుని. "కానీ అప్పు ఎలా ఇస్తానండీ? మీకు కట్టే స్తోమత లేదని నేనే రాసిచ్చాను కదా."

"పొలం తనఖా పెడతానండీ."

"ఊట పట్టిందని గోవర్ధనరావుగారు రాశారు కదండీ. దాని మీద సాక్షి సంతకం కూడా నాదే."

సాయంత్రం ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. "పోనీ పొలం అమ్మేద్దాం" అంది మొదట్లో ఢిల్లీ చదువుకు ససేమిరా అన్న ఇందిరాదేవి.

"కొనేవాళ్ళు లేరమ్మా. ఊరంతా ఊట గురించి తెలిసిపోయింది" అంది నాగశ్రీ. దానికి బాధ లేకపోలేదు. మధ్యాహ్నమంతా ఏడ్చినట్టు కళ్ళే చెప్తున్నాయి. అయినా తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "వాళ్ళ మొదటి ఏడాది సిలబస్ చూశాను నాన్నా. సమాజం, హోదా, పేదరికం. అవన్నీ ఆదివారం సాయంత్రం మన వరండాలోనే అయిపోయాయి. దానికి పన్నెండు లక్షలెందుకు? నేను బందరు కాలేజీలో చేరతాను."

పురుషోత్తం కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు.

కాలేజీలో చేరిన రోజున సందులో కొత్త ఫ్లెక్సు వెలిసింది. భూషణం ఈసారి వివరాల విషయంలో చాలా జాగ్రత్త పడ్డాడు. 'కడు నిరుపేద కుటుంబంలో పుట్టి, అప్పు కూడా పుట్టని స్థితిలో డిగ్రీలో చేరిన చదువుల తల్లికి శుభాభినందనలు' అని వేశాడు.

ఎడమ నుంచి మూడో ఫోటో శేషగిరిరావుగారిదే.