నీళ్ళు పోసిన బస్సు

ఆ రోజు అనుకున్నదంతా చిన్న పనే. పొద్దున బాకూ శివార్లలోని బీబీ హైబత్ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పాత చమురు బావులు చూడడం, సాయంత్రం అక్క తుకెజ్బాన్‌ను షెకి ఊరి రైలెక్కించడం. తేనెటీగలు పెంచుకునే ఒక ముసలాయన్ని పెళ్ళాడి ఆమె బాకూ వదిలి వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు నాన్న పనిచేసిన చోటు ఒకసారి చూస్తానంది. ఇప్పుడక్కడికి పర్యాటకుల బస్సు నడుస్తోంది.

చెల్లెలు జర్నిగార్ సంచీనిండా నీళ్ళ సీసాలు సర్దుకుంది. గడప దాటేవాళ్ళ వెనక నీళ్ళు పోస్తేనే వాళ్ళు తిరిగొస్తారు. నాన్న పనికి వెళ్ళిన ఒకానొక ఉదయం అమ్మ పొయ్యి దగ్గర ఉండిపోయి నీళ్ళు పోయలేదు. ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచీ అక్క రొట్టెల కొట్టుకు వెళ్ళినా జర్నిగార్ చెంబుతో గుమ్మంలో ఉంటుంది.

బావుల దగ్గర గాలి లేదు. ఎప్పుడూ హోరుగాలి వీచే బాకూలో గాలి లేదంటేనే ఏదో తేడాగా ఉందని అర్థం. సముద్రం మీదనుంచి పొగమంచు నేలబారుగా వచ్చి అంతా కప్పేసింది. మనిషి జాడ లేదు. చమురు తోడే ఇనుప పంపులు మాత్రం కిర్రు కిర్రుమంటూ, ఎవరో ఏదో అడుగుతున్నట్టు, తలలూపుతున్నాయి.

"దిగి చూడండి," అన్నాడు డ్రైవరు మీర్‌హాషిం. "జాగ్రత్త, ఇది నేల కాదు. సముద్రాన్ని పూడ్చారు. చెవి పెడితే కింద సముద్రం వినపడుతుంది."

తుకెజ్బాన్ దిగి ఒక పంపు దాకా వెళ్ళింది. జర్నిగార్ వెంటనే ఆమె వెనక సీసా ఒంపింది.

బస్సు బయల్దేరింది. మంచులో చాలాసేపు నడిచి ఆగింది. ఎదురుగా అదే పంపు. దాని పక్కన తడి మచ్చ, ఇంకా ఆరలేదు. మళ్ళీ బయల్దేరారు. మళ్ళీ అదే పంపు.

మీర్‌హాషిం దిగి తడిని చూశాడు. "ఎవరు పోశారివి?"

"అక్క కోసం పోశాను నాయనా."

"అక్క కోసమైతే బస్సుకెందుకు తగిలింది పిన్నీ?"

"అక్క బస్సులోనే ఉంది కదా!"

రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ వెనక సీట్లో అంతవరకూ నవ్వుతూ కూర్చుంది. మూడోసారీ ఆ పంపే తలూపేసరికి నవ్వు మానేసి తనే ఉపాయం చెప్పింది. "బస్సు ఇంటికి చేరాలని అందరం కలిసి పోద్దాం. ఎక్కువ పోస్తే ఎక్కువ పని చేస్తుంది."

అందరూ దిగారు. ఉన్న సీసాలన్నీ బస్సు వెనక ఒంపారు. బస్సు కదిలి మంచులో కలిసిపోయింది. అప్పుడు గమనించారు, అందులో డ్రైవరు తప్ప ఎవరూ లేరని.

కింద సముద్రం గుసగుసలాడింది. కాసేపటికి, వెళ్ళిన వైపు నుంచి కాక రెండో వైపు నుంచి, బస్సు వచ్చి వాళ్ళ ముందే ఆగింది.

"ఇక్కడ నిలబడి పోశాం మరి," అంది టీచరమ్మ నీరసంగా. "ఇక్కడికే వస్తుంది."

తుకెజ్బాన్ పెళ్ళికని కొన్న ఎర్ర పట్టు తలగుడ్డ తీసి చేత్తో ఎత్తి పట్టుకుంది. "నేను ముందు నడుస్తాను. దీన్ని చూస్తూ రండి."

"వద్దక్కా! చుక్క నీళ్ళు లేవు."

"లేకపోతేనే కదే దారి దొరికేది."

"ఫ్లాస్కులో టీ ఉంది. టీ పోయనా?"

"టీ పోస్తే సగం దారిలోంచి వస్తాను. చెయ్యి వదులు."

జర్నిగార్ వదిలింది. అందరూ బస్సెక్కారు. బస్సు ముందు ఎర్రగుడ్డ ఊగుతూ పోయింది. పలచబడింది. తర్వాత లేదు. రెండు వైపులా పంపులు తలలూపుతూనే ఉన్నాయి.

"అక్కా!" అని అరిచింది జర్నిగార్ కిటికీలోంచి.

"ఊఁ," అని సముద్రం వైపు నుంచి వినపడింది. కాసేపాగి మళ్ళీ "ఊఁ". ఈసారి చక్రాల కిందనుంచి. మీర్‌హాషిం గట్టిగా ప్రార్థన చదువుకుంటూ ముందుకే నడిపాడు.

ఉన్నట్టుండి బావుల ఆవరణ గేటు వచ్చింది. తుకెజ్బాన్ కాపలావాడి కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

"పిలిస్తే పలికావు కానీ, కాస్త ఆగొచ్చు కదా!" అని ఏడ్చింది జర్నిగార్.

"నువ్వెప్పుడు పిలిచావే? నాకేం వినపడలేదు."

బస్సులో అందరూ వినే ఉన్నారు. అయినా, మరి పలికిందెవరని ఎవరూ అడగలేదు.

సాయంత్రం స్టేషనులో జర్నిగార్ కొత్త సీసా కొంది. ఎంత తిప్పినా మూత రాలేదు. రైలు మెట్టు మీద నిలబడ్డ తుకెజ్బాన్ అది లాక్కుంది.

"పొద్దున నీళ్ళు లేకుండా పోయాను, బతికే ఉన్నాను. నా సంగతి వదిలెయ్. చీకటి పడకముందే ఇంటికి పో. వెనక్కి చూడకు."

జర్నిగార్ కళ్ళు తుడుచుకుంటూ నడిచింది. వెనకాల ప్లాట్‌ఫారం మీద నీళ్ళు పడిన చప్పుడు. ఇన్నేళ్ళలో ఆమె వెనక ఎవరూ నీళ్ళు పోయలేదు. ఎప్పుడూ ఉండిపోయేది తనే కదా.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. కదులుతున్న రైలు వెంట పడి అక్క చెయ్యి పట్టుకుని ఎక్కేసింది.

కండక్టరు వచ్చి జర్నిగార్‌ను టికెట్ అడిగాడు.

"ఆమె ఎక్కడికీ వెళ్ళడం లేదు బాబూ," అంది తుకెజ్బాన్. "తిరిగి వచ్చింది."