మ్యూజియంలో మీ అమ్మాయి ఎంగేజ్‌మెంట్

అయ్యా డైరెక్టర్ గారూ, కమిటీ పెద్దలారా! ఒక పిల్ల ఒక్క బొమ్మ చూస్తానంటే చూడనివ్వకుండా, పైగా ఆమె ఇంట్లో చిచ్చు పెట్టింది మీరే. ఆ ఘనకార్యానికి విద్యార్థి సేవ అని పేరు పెట్టుకున్నదీ మీరే. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాం. కాదనే మొహం ఉంటే కాదనండి.

కాలేజీ ఆవరణలో ఒక చిత్రకళా మ్యూజియం ఉంది. క్లాసులు మొదలవగానే తెరుస్తారు, క్లాసులు అయిపోగానే మూస్తారు. విద్యార్థుల కోసం కట్టింది కాబట్టి విద్యార్థుల వేళలే పాటించడం ధర్మమని కమిటీ తీర్మానం. అందువల్ల ఏళ్ల తరబడి ఒక్క విద్యార్థీ లోపల అడుగు పెట్టలేదు. నేల అద్దంలా మెరుస్తూ ఉంటుంది.

బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఉంది. జడముడిలో కుంచె గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అందరూ కుంచె అనే పిలుస్తారు. ఆఖరి పరీక్షలో ఆమె వేయాల్సింది ఈ మ్యూజియంలోని ‘బట్టలు ఆరేసే మనిషి’ చిత్రం. ఆ మనిషి నీడలో ఏయే రంగులు కలిశాయో చూసి, అలాగే వేయాలి. పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మను నలుపు తెలుపుల్లో అచ్చేశారు. పరీక్ష తప్పితే చదువు మానేసి మేనత్త టైలరింగ్ షాపులో మిషను తొక్కాల్సిందేనని ఇంట్లో ముందే తేల్చేశారు.

కుంచె వెళ్లి డైరెక్టర్‌ను అడిగింది.

“సార్, క్లాసులయ్యాక కాసేపు తెరిచి ఉంచండి సార్. చూసి వెళ్లిపోతా.”

“చూడటమా? ఊరికే చూడటమేంటమ్మా! ప్రోగ్రాం పేరేంటి?”

“పేరేం లేదు సార్. చూడటమే.”

“పేరు లేకపోతే దేన్ని ప్రారంభించాలి? నేనేం మాట్లాడాలి?”

అయినా ఆయన హృదయం ద్రవించింది. విద్యార్థులను కళతో మమేకం చేయడాన్ని పెద్ద పుస్తకాల్లో ఎంగేజ్‌మెంట్ అంటారట. వెంటనే ‘స్టూడెంట్ ఎంగేజ్‌మెంట్ సాయంత్రం’ ప్రకటించారు. యువతకు తెల్ల లైట్లంటే విసుగని అవి పీకించి, గిరగిరా తిరిగే రంగుల లైట్లు పెట్టించారు. డప్పులు పగిలే పాటలు, కూల్‌డ్రింకులు ఏర్పాటు చేశారు. కూల్‌డ్రింకులు చిత్రాల మీద ఒలుకుతాయని దూరదృష్టితో చిత్రాలన్నిటికీ దళసరి గుడ్డలు కప్పించారు. విద్యార్థులను చిత్రాల దగ్గరికి తేవడం, చిత్రాలను విద్యార్థుల నుంచి కాపాడటం, రెండు ఆశయాలూ ఏకకాలంలో నెరవేరాయి.

అడిగిన పిల్లను గౌరవించాలి కదా అని ఆమె ఇంటికి ప్రత్యేకంగా ఒక మెసేజ్ కూడా పంపారు: “మీ అమ్మాయి కోరిక మేరకు ఈ సాయంత్రం మ్యూజియంలో ఎంగేజ్‌మెంట్. కుటుంబ సమేతంగా రావలెను.”

వచ్చారు. అమ్మ ఏడుస్తూ వచ్చింది. మేనత్త కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

డైరెక్టర్ చేతులు జోడించి ఎదురెళ్లారు.

“అబ్బాయి తరఫువాళ్లు మీరేనా?” అంది అమ్మ.

“అబ్బాయిలు, అమ్మాయిలు, అందరి తరఫునా మేమేనమ్మా.”

“మా పిల్ల ఒప్పుకుందా?”

“అడిగిందే మీ పిల్ల! ఇప్పటినుంచి నెలనెలా చేస్తాం.”

“నెలనెలానా?”

“ఒక్కసారితో వదిలేస్తే ఏం ప్రయోజనమమ్మా? మాది ఓపెన్ ఎంగేజ్‌మెంట్. ఎవరైనా పాల్గొనొచ్చు.”

అమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. మేనత్త మాత్రం మేనకోడలి జబ్బ పట్టుకుంది.

“ఏడే వాడు? ఎక్కడ దాచావే?”

“ఎవడూ లేడత్తా! నేను బొమ్మ చూద్దామని...”

“గుడ్డలెందుకు కప్పారు మరి? నన్ను వెర్రిదాన్ని చేయకు!”

గోడ పొడవునా ఒక్కో గుడ్డనే లాగిపారేస్తూ మేనత్త పెళ్లికొడుకును వెతికింది. కుర్రకారు ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని ఈలలు వేశారు, ఫోన్లెత్తారు. డైరెక్టర్ కూడా అలాగే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఒక గుడ్డ కింద బట్టలు ఆరేసే మనిషి బయటపడింది.

“ఈవిడెవరు, వాడి తల్లా?” అంది మేనత్త.

కుంచె బొమ్మ దగ్గరికి జరిగింది. చూస్తోంది. నీడ నీలంగా ఉంది. లైటు తిరిగింది, పచ్చగా ఉంది. మళ్లీ తిరిగింది, ఎర్రగా ఉంది.

“సార్, ఒక్క తెల్ల లైటు వేయండి సార్!”

డైరెక్టర్‌కు వినబడలేదు. ఆయన మైకు అందుకున్నారు. “కళ కోసం ఒక కుటుంబం ఇంతగా తహతహలాడటం నా జీవితంలో చూడలేదు! గోడగోడనూ వెతికారు! ఇదే మన విజయం!” ఆ ప్రసంగం అయ్యేలోపు గుడ్డలన్నీ తిరిగి కప్పేశారు.

మర్నాడు కమిటీ కూర్చుంది. జనాన్ని ఆకట్టుకున్నది గుడ్డలేనని తేలింది కాబట్టి, ఇకమీదట చిత్రాలు దించేసి ఉత్త గుడ్డలే వేలాడదీయాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. పెళ్లికొడుకు లేడంటే మేనత్త ఇప్పటికీ నమ్మదు. షాపులో మిషనుకు నూనె వేసి ఉంచింది.

ఆ గుడ్డలు లాగిన వీడియో ఊరంతా చూసింది. చదువుతున్న మీరూ చూశారు, పడీపడీ నవ్వారు, పదిమందికీ పంపారు. గుడ్డ కింద ఏముందని మీలో ఒక్కరైనా అడిగారా?

పరీక్ష రేపే. డైరెక్టర్ గారూ, చిత్రాలు దించకముందే ఆ మ్యూజియం తాళం ఇప్పుడు తీయండి. ప్రసంగం వద్దు, రిబ్బను వద్దు, పేరు అసలే వద్దు. ఆ పిల్ల ఒక్కతే లోపలికి వెళ్తుంది. మీరూ, కమిటీ, ఈ కథకు నవ్వినవాళ్లూ అందరూ బయట నిలబడండి, నోళ్లు మూసుకుని.