దించినచోటే మరియమ్మ

ఆ ఆదివారం సువార్తమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. బిషప్‌గారిని తీసుకురావడానికి భర్త దేవసహాయం తెల్లవారకముందే మాచర్ల వెళతాడు. ఆయన తిరిగి వచ్చేలోగా, దుర్గిలో చెక్కించిన మరియమ్మ విగ్రహం ట్రాలీ ఆటోలో ఊరు దాటి, అవతలి కొత్తూరులోని ఆర్సీఎం కాథలిక్కుల గుడికి చేరుతుంది. అప్పటికి ఆమె వంటింట్లో పులిహోర కలుపుతూ ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

ఇంత రహస్యం ఎందుకంటే, దేవసహాయం రాళ్ళపాడు సీయస్సై ప్రొటెస్టెంటు గుడికి సెక్రటరీ. మాచర్ల బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాక, బస్సులకు పెట్టిన క్రమశిక్షణంతా గుడికి పెట్టాడు. గుడిలో తిరిగే ప్రతి ఫ్యాను రెక్కల మీదా ఆయన పేరుంటుంది. ఒకసారి ఆయన ఇచ్చిన ఫ్యానును పాస్టరుగారి ఇంటికి మార్చారని తెలిసి, దాత పేరున్న వస్తువేదీ కమిటీ తీర్మానం లేకుండా ఉన్నచోటు నుంచి కదలకూడదని పట్టుబట్టి నియమం రాయించాడు. పాస్టరమ్మగారు వరండాలో మరియమ్మ బొమ్మ ఉన్న క్యాలెండరు తగిలిస్తే దాన్ని గోడవైపు తిప్పించాడు. "మనది ఇంగ్లీషు దొరలు కట్టిన గుడి. ఇందులో శిలువ తప్ప ఇంకో బొమ్మ ఉండదు" అనేవాడు. సాయంకాలం ఆరాధనలో బైబిల్లోని మరియమ్మ కీర్తన వచ్చినప్పుడు మాత్రం అందరికంటే గట్టిగా పాడేది ఆయనే.

అలాంటి మనిషి కోసమే సువార్తమ్మ ఆ తల్లికి మొక్కుకుంది. పోయిన వానాకాలం దేవసహాయానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నరసరావుపేట ఆసుపత్రిలో పెట్టారు. డాక్టరు చుట్టాలకు కబురు చేసుకోమన్నాడు. పాస్టరు జెఫన్యా వచ్చి ప్రార్థన చేశాడు. గుడి ఆడవాళ్ళు ఉపవాసం ఉన్నారు. అయినా సువార్తమ్మకు గుండె నిలవలేదు. ఇరుగుపొరుగైన వెంకటరమణమ్మ, అబిదా ఆమెను చెరో చెయ్యి పట్టుకుని కొత్తూరు తీసుకెళ్ళారు. వెంకటరమణమ్మకు తల్లి ఏ గుడిలో ఉన్నా తల్లే. మరియం బీబీ పేరు తమ గ్రంథంలోనూ ఉందని అబిదా దారిపొడుగునా చెబుతూనే ఉంది. "ఆయన లేచి కూర్చుంటే నీకు రాతి రూపం చేయించి తెస్తా తల్లీ" అని సువార్తమ్మ మొక్కుకుంది. మర్నాడు దేవసహాయం లేచి కూర్చుని, వార్డులో ఫ్యాను మెల్లగా తిరుగుతోందని నర్సుతో గొడవపడ్డాడు.

దుర్గిలో శిల్పి వీరబ్రహ్మం పీఠం మీద ఏ పేరు చెక్కమంటారని అడిగాడు. ఆ ఇంట్లో గ్యాసు బండ దగ్గర నుంచి గేదె దాకా అన్నీ భర్త పేరు మీదే ఉన్నాయి కాబట్టి సువార్తమ్మ ఆ పేరే చెప్పింది. "ఆయన కోసమే మొక్కుకున్నా" అంటుంటే ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. శిల్పి ఆ కన్నీళ్ళు చూసి ఇంకేమీ అడగలేదు.

"పేరు పెడితే మీ ఆయన చూడడా?" అని బయటికి వచ్చాక అబిదా సందేహపడింది.

"ఆయన చచ్చినా ఆర్సీఎం గుడి గడప తొక్కడు" అంది వెంకటరమణమ్మ. ముగ్గురూ నిశ్చింతగా ఇంటికి వచ్చేశారు.

ఆదివారం ఎనిమిది గంటలకు ముగ్గురూ సువార్తమ్మ వంటింట్లో ఉన్నారు. మిక్సీ గోలలో ఫోను ఎవరికీ వినిపించలేదు. అబిదా కొడుకు ముర్తుజా, ఆటో తోలుతున్నవాడు, నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, బండి ఆగిపోయింది."

"ఎక్కడరా?"

"మీ గుడి ముందరే. బిషప్పుగారికని రోడ్డుకడ్డంగా స్వాగతద్వారం పాతారు. షామియానాల ఆదిల్‌ని ఒక్క గుంజ పక్కకి జరపమంటే, కంట్రోలర్ గారు కొలిచి పెట్టించాడు, జరిపితే నన్ను పాతేస్తాడు అంటున్నాడు."

"బండి దగ్గర ఎవరున్నార్రా మరి?"

"ఆదిల్ మనుషులున్నారులే."

సువార్తమ్మ చేతికున్న పసుపు కడుక్కోకుండానే బయలుదేరింది. మిగతా ఇద్దరూ వెంట నడిచారు. ఆమె వెళ్ళేసరికి షామియానాల ఆదిల్ మనుషులు చేతులు దులుపుకుంటున్నారు. విగ్రహం గుడి వాకిట్లో, మెట్ల పక్కన నిలబడి ఉంది. ముఖానికి తెల్లగుడ్డ, ఒంటికి గోనెపట్టా, పీఠం చుట్టూ తాడు.

"నువ్వు రాకముందే దించేశాం పిన్నీ" అన్నాడు ఆదిల్, మెచ్చుకుంటుందని. "తాడు సందులో సార్ పేరు కనపడింది. సార్ పేరున్న సామాను ఈ గుళ్ళోకి గాక ఇంకేడికి పోద్ది?"

"మళ్ళీ ఎక్కించండి నాయనా. నీకు పుణ్యముంటది."

ఆ మాటకు వెంకటరమణమ్మే అడ్డం పడింది. "ఏందే సువార్తా ఆ మాట? దించిన విగ్రహాన్ని మళ్ళీ ఎత్తుతారా ఎక్కడన్నా? అరిష్టం గాదూ?"

"వీరబ్రహ్మం ఆచారి కూడా అదే చెప్పాడు పెద్దమ్మా" అన్నాడు ముర్తుజా. "దోవలో దించమాక, దించితే ఇంక అక్కడే అన్నాడు."

అది విన్నాక ఆదిల్ మనుషుల్లో ఒక్కడు కూడా తాడు ముట్టుకోలేదు. ఒకడు నడుం పట్టేసిందన్నాడు. ఇంకొకడు టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఇంతలో పాస్టరు జెఫన్యా తెల్లంగీ వేసుకుని బయటికి వచ్చాడు. గోనెపట్టా వైపు, సువార్తమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. "ఏంటమ్మా ఇది?" అంటే ఆమె పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. అసలేముందో చూద్దామని ఆయన తాడు విప్పాడు. పట్టా జారిపోయింది. పట్టుచీర కుచ్చిళ్ళంత నాజూకైన మడతలు, తామరపువ్వు మీద పాదాలు, దీవిస్తున్న కుడి చెయ్యి. దేవతలను చెక్కే చెయ్యి మరియమ్మను కూడా ఆ కొలతల్లోనే చెక్కింది. పీఠం మీద తాడు కింద దాగిన మాటలు కూడా బయటపడ్డాయి.

'కీర్తిశేషులు దేవసహాయం గారి జ్ఞాపకార్థం.'

పాస్టరు రెండుసార్లు చదివి మెట్టు మీద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మాజీ సర్పంచి సాంబశివరావు మోటారు సైకిలు మీద అటు వచ్చాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబట్టి, ఎక్కడ నలుగురు కనిపించినా ఆగుతున్నాడు. పీఠం మీది అక్షరాలు చదివి చెప్పులు విడిచాడు. ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఫోటో తీశాడు.

"ఎప్పుడమ్మా?" అని సువార్తమ్మను మెల్లగా అడిగాడు.

"ఏం కాలేదన్నా. ఆయన మాచర్ల పోయాడు."

సాంబశివరావు పక్కనున్నవాళ్ళ వైపు తిరిగాడు. "తట్టుకోలేకపోతంది పాపం. మాచర్ల పోయాడంటంది."

"నిజంగానే పోయాడయ్యా" అంది వెంకటరమణమ్మ. "పొద్దున నా కళ్ళారా చూశా."

"మరి ఈ రాయి చేయించింది ఎవరత్తా?"

వెంకటరమణమ్మ అబిదా వైపు చూసింది. అబిదా సువార్తమ్మ వైపు చూసింది. సువార్తమ్మ నేల వైపు చూసింది. ఆమె బాధ ఒకటే. ఆయన బతికే ఉన్నాడని నమ్మించాలంటే రాయి ఎవరు చేయించారో చెప్పాలి. అది చెబితే, చావు తప్పించుకుని వచ్చిన మనిషి చేతికే మొక్కు దొరికిపోతుంది. ఆయన ఆ తల్లిని బయటికి నెట్టిస్తాడు. మొక్కు తీరదు. తీరని మొక్కు ఆయన ఊపిరితిత్తులను ఊరికే వదులుతుందని ఆమెకు నమ్మకం లేదు. అందుకని నోరు మూసుకుంది. ఊరు ఆ మౌనాన్ని దుఃఖం అనుకుంది.

సాంబశివరావు ఫోటో వాట్సాప్‌లో స్టేటస్ అయింది. 'పెద్దలు దేవసహాయం గారికి ఘన నివాళి' అని కింద రాసి, పెద్దలకంటే తన ఫోటో పెద్దదిగా పెట్టుకున్నాడు. అది చూసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మేనల్లుళ్ళు డ్యూటీ దిగకుండానే బయలుదేరారు. అందరూ దేవసహాయం ఫోనుకు చేశారు. ఆరాధన రోజున ఫోను ఆపేయాలని నియమం పెట్టింది ఆయనే కాబట్టి అది మోగలేదు. దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

ఆదిల్ రంగుల షామియానా విప్పి తెల్లది కట్టాడు. వ్యాపారంలో ఉన్నవాడు కాబట్టి రెండూ బండిలోనే ఉన్నాయి. స్వాగతద్వారం మీద బిషప్‌గారి బొమ్మ పక్కన చేతులు జోడించి ఉన్న దేవసహాయం బొమ్మకు ఎవరో బంతిపూల దండ వేశారు. 'సుస్వాగతం' అన్న అక్షరాలు దాని మీదే వేలాడుతున్నాయి. పాటల బృందం బిషప్‌గారి కోసం నేర్చుకున్న పాట మానేసి సమాధి దగ్గర పాడే పాట ఎత్తుకుంది.

"ఆయన బతికే ఉన్నాడమ్మా, నేనే సాక్ష్యం" అని పాస్టరు అందరికీ చెబుతూనే ఉన్నాడు.

"పరలోకంలో బతికే ఉంటాడయ్యగారూ, అందులో అనుమానమేముంది?" అని అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆడవాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే మరియమ్మ పాదాల దగ్గర పూలు పెట్టసాగారు. కొందరు పసుపు కుంకుమ కూడా పెట్టారు. అబిదా తన కొప్పులోని మల్లెలు తీసి పెట్టింది. ఏం చేయాలో తోచని పాస్టరమ్మగారు ఒక కొవ్వొత్తి వెలిగించింది.

పది గంటలకు కారు వచ్చింది. ముందు సీట్లోంచి దేవసహాయం దిగాడు. తల పైకెత్తి మొదట షామియానాను చూశాడు.

"తెల్లది కట్టమని ఎవడు చెప్పాడ్రా? నేను మాట్లాడింది రంగులది గదా."

పాట మధ్యలో ఆగిపోయింది. ముందు వరసలో కూర్చుని ఏడుస్తున్న ముసలమ్మ ఆయన్ను పాదాల నుంచి తల దాకా చూసి, "గొంతు ఆయనదే" అంది.

సాంబశివరావు చేతిలో తెల్లపూల చక్రం ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక, వెనక దిగుతున్న బిషప్‌గారి ముందుకు నడిచి, "తమకోసమే అయ్యగారూ" అని ఆయన చేతుల్లో పెట్టాడు. బిషప్‌గారు జీవితంలో చాలా దండలు చూసిన మనిషి. తీసుకుని డ్రైవరుకు ఇచ్చారు.

దేవసహాయం తన బొమ్మ మీది దండను చూశాడు. జనాన్ని చూశాడు. ఆఖరికి మెట్ల పక్కనున్న విగ్రహాన్ని చూశాడు.

"ఎవడు తెచ్చాడు దీన్ని? తీసెయ్యండి ముందు."

ఎవరూ కదల్లేదు. పాస్టరు జెఫన్యా ముందుకు వచ్చాడు. ఆయన ఆ గుడికి వచ్చాక సెక్రటరీకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "తీయలేమండీ. దాత పేరుంది. కమిటీ తీర్మానం కావాలి. తమరు పెట్టిందే ఆ నియమం."

"దాత ఎవరంట?"

"తమరే."

దేవసహాయం వంగి చదివాడు. మొదటి మాట దగ్గర చాలాసేపు ఆగాడు.

"నేనే చేయించా" అంది సువార్తమ్మ. పొద్దుటినుంచి ఆమె గొంతులోంచి వచ్చిన పెద్ద మాట అదే. "పేట ఆసుపత్రిలో మీకు గొట్టాలు పెట్టి పడుకోబెట్టినప్పుడు మొక్కుకున్నా. కొత్తూరు పంపిద్దామనుకున్నా. మీ స్వాగతద్వారం అడ్డమొచ్చింది. తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఆ తల్లిని మాత్రం తియ్యమనమాకండి."

"మొక్కితే మొక్కావు. చచ్చిపోయానని రాయిస్తావటే?"

"నేను చెప్పలా. మీరు లేవకపోతే ఆ మాట రాయించాల్సొచ్చేది. లేచారు కాబట్టే అది తప్పయింది."

అప్పటికి శిల్పి వీరబ్రహ్మం మోపెడ్ మీద ఉలీ సుత్తీ పెట్టుకుని వచ్చాడు. విగ్రహాన్ని నిలిపినచోటే ఉలితో కనుపాపలు దిద్ది కళ్ళు తెరిపించాలి కాబట్టి కొత్తూరులో ఎదురుచూసి, విసిగి వెనక్కి వస్తున్నాడు. సంగతి విని ఆయన పెద్దగా కంగారుపడలేదు.

"అమ్మ ఏడ్చింది సార్, అడగబుద్ధి కాలేదు. అయినా మా దగ్గర రాతి మీద పేరు చెక్కించుకునేవాళ్ళంతా పోయినోళ్ళే. బతికున్నోళ్ళు ఫ్యాన్ల మీద రాయించుకుంటారు."

పాటల బృందంలో ఎవరో దగ్గు నటించారు.

బిషప్‌గారు విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "ఈవిడ పాట మీరు సాయంకాలం పాడతారా?" అని అడిగారు.

"సెక్రటరీగారే ఎత్తుకుంటారండి" అన్నాడు పాస్టరు.

"అయితే వాకిట్లో నిలబడి వింటుంది. పూజించమని నేను చెప్పను, పొమ్మనీ చెప్పను. మిగతాది మీ కమిటీ ఇష్టం" అని ఆయన లోపలికి నడిచారు.

దేవసహాయం వెంటనే వెళ్ళలేదు. వాకిలి నిండా, రోడ్డు నిండా జనం. దాచేపల్లి మేనల్లుళ్ళు యూనిఫారాలతో ఆటో దిగుతున్నారు. బిషప్‌గారి కోసం ఇంటింటికీ తిరిగి పిలిచినా ఇందులో సగం మంది కూడా వస్తామనలేదు.

"వీళ్ళంతా నాకోసమే వచ్చారటే?" అని భార్యను మెల్లగా అడిగాడు.

"మరి? ఆ ముసలమ్మ పొద్దుటినుంచి కాఫీ కూడా ముట్టలా."

ఆయన పీఠం మీది తన పేరును వేలితో ఒకసారి తడిమాడు. ఫ్యాను రెక్కల మీద పేరు తిరిగేటప్పుడు ఎవరికీ కనిపించదు. ఇది కదలదు. "ఆ మొదటి మాట ఒక్కటి తీసెయ్యి" అన్నాడు శిల్పితో. "పేరుండనియ్యి. జ్ఞాపకం అంటావా, బతికున్నోడికి కూడా ఉండొచ్చు."

"మరి కొత్తూరు మొక్కు?" అంది సువార్తమ్మ.

"మొక్కింది ఆ తల్లికి గానీ ఆ గోడలకి గాదుగా" అని వెంకటరమణమ్మ కొంగు దోపుకుంది. "పదండి, పులిహోర చల్లారిపోద్ది."

లోపల ఆరాధన జరుగుతుండగా వీరబ్రహ్మం బయట మరియమ్మకు కళ్ళు తెరిపించాడు. తర్వాత పీఠం దగ్గర కూర్చుని మొదటి మాటను తీసేశాడు. ఆరాధన ముగించుకుని వచ్చిన దేవసహాయం, పేరు ముందు మిగిలిన ఖాళీని చూసి, పేరును మధ్యకు జరపడం కుదరదా అని అడిగాడు.

"ఎందుకులే సార్" అన్నాడు వీరబ్రహ్మం, ఉలి తుడుచుకుంటూ. "ఎప్పటికైనా కావాల్సిన చోటే గదా."