సోమవారానికి వాయిదా

రోడ్డు భద్రతా వారోత్సవాలు జరిగినన్నాళ్ళూ జిల్లాలో ఎవరూ రోడ్డు మీద చనిపోకూడదని ఉత్తర్వు ఉంది కాబట్టి, మంగళవారం పొద్దున కారు గుద్దిన దీవెనరావు మాస్టారు చనిపోలేదు. ఆయన మరణం వచ్చే సోమవారం ఆఫీసులు తెరిచే వేళకి వాయిదా పడింది.

దీవెనరావు నాగులవరం హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆ పొద్దున బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోట వంగుని తెల్లచారలు వేస్తున్నారు. వారోత్సవాల ప్రారంభసభకి వేళ మించిపోతోందని ముఖ్య అతిథి కారు తొందరలో ఉంది. గుద్దాక అతిథి దిగి, ఆయన్ని పరామర్శించి, సభకి వెళ్ళి, తొందరపాటు వల్ల కలిగే అనర్థాల మీద చక్కగా మాట్లాడారు. వినడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాస్టారి కూతురు కెజియా డిగ్రీ చదువుతోంది. కబురు తెలిసి స్కూటీ మీద ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న తెల్లరంగు గీరుకుంటున్నారు.

"ఏమైంది నాన్నా? డాక్టరు గారేమన్నారు?"

"సోమవారం అన్నారు తల్లీ."

కెజియా తల్లి సలోమి అప్పటికే డాక్టరు గదిలో నుంచుని, ఆయనకి పథ్యం ఏమైనా ఉందా అని అడుగుతోంది. ఏం పెట్టినా పరవాలేదమ్మా, ఇష్టమైనవి పెట్టండి అన్నాడు డాక్టరు. ఊళ్ళో ఇది ఏటా ఉండేదే. సలోమి తమ్ముడికీ రెండేళ్ళ కిందట ఇలాగే నాలుగు రోజులు దొరికాయి. కాబట్టి ఆమె ఏడుపు సోమవారానికి దాచుకుని, దారిలో చేపలు కొనడానికి ఆగింది.

వాయిదా పడ్డ మనిషికి బరువు ఉండదు. కెజియా స్కూటీ వెనకాల తండ్రిని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరితే, వెనక సీటు మీద ఎవరూ లేనట్టే ఉంది. చిన్న జల్లు పడుతోంది. వీధులన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెత్తగా కదులుతున్నాయి. ప్రతి మలుపులోనూ ఆమె వెనక్కి తిరిగి అడిగింది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాలే. ముందు చూసి నడుపు."

మరునాడు వారోత్సవాల ప్రత్యేకాధికారి చలపతి గారు ఇంటికి వచ్చారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. సలోమి ఇచ్చిన టీ తాగి, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తారు మాస్టారూ, నాలుగు కాలేజీలు తిరిగి పిల్లలకి మంచి చెప్పండి, జీపు పంపిస్తాం అన్నారు. చెప్పవలసిన మాటలు కూడా ఆఫీసువాళ్ళే రాసి తెచ్చారు. అందులో మొదటి వాక్యం: 'నాకేమీ కాలేదు.'

"అయింది కదండీ," అన్నారు మాస్టారు.

"అయింది, కాదనను. కానీ మీరు నోటితో అంటే మా లెక్కలో సున్నా పోతుంది. ఎంతో కష్టపడి తెచ్చుకున్న సున్నా అది. మీరు పెద్దవారు, అర్థం చేసుకోవాలి."

మాస్టారు అర్థం చేసుకున్నారు. ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళో పనిచేసిన మనిషి. కాకపోతే జీపు వద్దన్నారు. మా అమ్మాయి స్కూటీ మీద తిప్పుతుంది, ఈ నాలుగు రోజులూ నా కళ్ళ ముందే ఉంటుంది అన్నారు.

అలా తండ్రీకూతుళ్ళు ఊరంతా తిరిగారు. మాస్టారు వేదిక ఎక్కి నాకేమీ కాలేదు అని చెప్పేవారు. పిల్లలు శ్రద్ధగా వినేవారు. ఏమీ కాదని తెలిసి వాళ్ళ మొహాలు వికసించేవి. నిజానికి ఆ వారం ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదన్న సంగతి అందరికీ తెలుసు. ఏడాది పొడుగునా బండి తాళం దాచిపెట్టే తండ్రులు, ఈ వారమే నేర్చుకోరా అని కొడుకుల చేతికిచ్చారు. లారీలవాళ్ళు నిద్ర మానేసి తిరిగారు. కళ్ళు కనిపించని ముసలివాళ్ళు, బైపాసు అవతల ఉన్న చుట్టాలని చూసొస్తామని ఎదురు దారిలో నడుచుకుంటూ పోయారు. కూడళ్ళలో హెల్మెట్ లేనివాళ్ళని ఆపి కాలేజీ అమ్మాయిలు గులాబీపువ్వు ఇస్తుంటే, పువ్వు కోసం కొందరు చుట్టు తిరిగి మళ్ళీ వచ్చారు.

శుక్రవారం వచ్చేసరికి, వాయిదాపడ్డవాళ్ళకి ఆసుపత్రి వరండా చాలక వాళ్ళని కల్యాణమండపానికి మార్చారు. కెజియా తండ్రితో పాటు వెళ్ళి చూసింది. తెరలు దించిన ఆ హాల్లో వెలుతురు పసుపుగా, పల్చగా ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు గొంతు తగ్గించి, రైలు కోసం ఆగినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ ఆవకాయ జాడీ మూత బిగించానో లేదో అని బెంగపడుతోంది. ఫ్యాను గాలికి కొందరు కుర్చీల మీంచి కాస్త పైకి లేచి, మళ్ళీ మెల్లగా దిగుతున్నారు. వాళ్ళలో ఒక పెళ్ళికొడుకు ఉన్నాడు. పై నెల పెళ్ళి. రెండువైపుల పెద్దలూ మాట్లాడుకుని ముహూర్తం ముందుకి జరిపి, ఆ మండపంలోనే, ఆ కుర్చీల మధ్యే తాళి కట్టించారు. వచ్చినవాళ్ళందరూ అక్షింతలు వేసి, అలవాటు కొద్దీ, నిండు నూరేళ్ళూ చల్లగా ఉండమని దీవించారు. పెళ్ళికూతురు తలెత్తలేదు.

కెజియా అక్కణ్ణించి తిన్నగా చలపతి గారి ఆఫీసుకి వెళ్ళింది.

"సార్, వారోత్సవాలు ఇంకో వారం పొడిగించండి."

చలపతి గారు కుర్చీ చూపించారు. కూర్చున్నాక మంచినీళ్ళు తెప్పించారు.

"అడగడంలో తప్పు లేదమ్మా. మాసోత్సవాలు చేద్దామని మేమే పైకి రాశాం. కానీ ఆలోచించు. ఒక్క వారానికే మండపం నిండింది. నెలంటే, ఆ తర్వాత వచ్చే సోమవారాన్ని ఈ ఊరు ఓర్చుకోగలదా?"

"పోనీ మా నాన్న ఒక్కడికి?"

"కుదరదమ్మా. ఒక్క సంగతి చెప్తా, ఏమనుకోకు. అదే కారు ఆయన్ని పై వారం గుద్ది ఉంటే? రోడ్డు మీదే పోయేవారు. నువ్వు వచ్చేసరికి గుడ్డ కప్పి ఉండేది. మేం చేసింది తక్కువే, కానీ ఏమీ చెయ్యలేదని మాత్రం అనకు."

"థాంక్యూ సార్," అంది కెజియా. మెట్లు దిగుతుంటే ఆ మాట తను మర్యాదకి అనలేదని, నిజంగానే అన్నదని తెలిసి, రెయిలింగు పట్టుకుని కాసేపు నుంచుండిపోయింది.

శనివారం ఆమె చదివే కాలేజీలోనే సభ. మాస్టారు వేదిక ఎక్కారు కానీ, రాసిచ్చిన కాగితం జేబులోంచి తియ్యలేదు. బ్లాక్‌బోర్డు దగ్గరికి నడిచి, సుద్దముక్క తీసుకుని బొమ్మ వెయ్యడం మొదలుపెట్టారు. హాలంతా సద్దుమణిగింది. రోడ్డు, దాని మధ్యలో వెల్లకిలా పడి ఉన్న ఒక చెప్పు. కాస్త దూరంలో ఒక చెయ్యి, ఇంకా బ్రష్షు పట్టుకునే ఉంది. ఆయన ఆ చేతిని చాలాసేపు దిద్దారు. చివరికి ఇటు తిరిగి, "ఇది నాది," అన్నారు. "నేను పైనించి చూశాను. అయ్యో, పిల్లలు వచ్చే వేళయింది, అడ్డంగా పడి ఉన్నానే అనుకున్నా. ఇంతకన్నా నాకేమీ గుర్తు లేదు."

ముందు వరసలో ఒకమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చలపతి గారు లేచి, మాస్టారు ఎంతో చక్కగా బొమ్మ వేశారని మెచ్చుకుని, తుడిపించి, అందరిచేతా ప్రతిజ్ఞ చేయించారు. అందరూ చెయ్యి చాపి గట్టిగా చెప్పారు. బయటికి వచ్చాక ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు గేటు దాటుతూ, చెయ్యి ఊపి, "బై మాస్టారూ, సూపర్!" అని అరిచి వెళ్ళిపోయారు.

ఆదివారం ముగింపుసభలో సున్నా ప్రకటించారు. థర్మోకోలుతో చేసిన పెద్ద సున్నా వేదిక మీద నిలబెట్టి, వాయిదాపడ్డవాళ్ళని దాని చుట్టూ నుంచోబెట్టి ఫొటో తీశారు. మాస్టారు రెండో వరసలో, సున్నా అంచు మీదుగా కాస్త కనిపించారు.

సోమవారం పొద్దున ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, ఇంకా చాలా ఇళ్ళకి వెళ్ళాలని సెలవు తీసుకున్నారు. సలోమి ఆయన పక్కనే కూర్చుని చొక్కా బొత్తాలు సరిచేస్తోంది. సరిగ్గా ఉన్న బొత్తాలనే మళ్ళీ మళ్ళీ విప్పి పెడుతోంది.

"నాన్నా, నాచేత ఒట్టేమైనా వేయించుకుంటావా?" అంది కెజియా.

"ఎందుకులే తల్లీ. ఒట్టు అందరూ వేస్తారు." వాకిట్లో ఉన్న స్కూటీ వైపు చూసి అన్నారు: "నీ బండి వెనక కూర్చున్నన్నాళ్ళూ నాకు భయమేసింది. పోయిన మనిషికి భయమేంటని నవ్వొచ్చింది కూడా. ఆ భయం ఎక్కడ వదిలిపెట్టాలో తెలీటంలా. నువ్వుంచుకో."

కెజియా ఆయన చెయ్యి పట్టుకుంది. ఏదో పిట్ట ఈక పట్టుకున్నట్టుంది. ఊళ్ళో ఒకదాని తర్వాత ఒకటి ఆఫీసుల షట్టర్లు లేచిన చప్పుడు వినిపించింది. చేతిలో ఉన్నట్టుండి బరువు తెలిసింది. వారమంతా లేని బరువు, ఒక మనిషికి ఉండవలసినంత బరువు. సలోమి దాచుకున్న ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నాగులవరం వీధులన్నీ శవయాత్రలతో నిండిపోయాయి. ఇంతమంది ఒకేసారి రోడ్డెక్కినా ఎక్కడా తోపులాట లేదు. వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో తగినంత ఎడం వదిలి, ఎడమవైపునే నడిచాయి. ఎవరూ ఎవరినీ దాటి ముందుకి పోలేదు. ఎవరూ ఫోను మాట్లాడలేదు. ఎర్రదీపం పడితే బండ్లన్నీ గీత వెనకాలే ఆగాయి. పచ్చదీపం పడ్డా ముందువాళ్ళు తేరుకుని కదిలేదాకా వెనకవాళ్ళు ఓపిక పట్టారు. ఒక్క హారన్ మోగలేదు. కూడలిలో గొడుగు వేసుకుని నుంచున్న చలపతి గారు పక్కనున్న కానిస్టేబులుతో, "చూశావా, చెప్పగా చెప్పగా జనంలో అవగాహన వచ్చింది," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తండ్రి వ్యాను వెనకాలే మెల్లగా స్కూటీ నడుపుతున్న కెజియా ఆ మాట వింది. జల్లు పడుతూనే ఉంది. చుట్టూ ఆ నిశ్శబ్దం, ఆ వరస, ఆ మర్యాద. రోజూ ఇలాగే ఉంటే ఎంత బాగుంటుందో అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకి ఆశ్చర్యమేమీ కలగలేదు.