ఓబుళేసు కన్ను, హెల్త్ కార్డు

కణేకల్ హైస్కూల్లో అటెండరుగా రిటైరైన ఓబుళేసుకు కుడికంట్లో శుక్లం ముదిరింది; ఎడమకన్ను అంతకుముందే మసక. ఇంకో నెల దాటితే చూపు దక్కదని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. ముప్పయ్యేళ్లు బడిగంట కొట్టిన మనిషి, ఆపరేషను పేరెత్తితే చాలు గజగజ వణికేవాడు. ఆ సంగతి పెళ్ళాంతో చెప్తే పరువేం కాను? అందుకని నేరమంతా పింఛనుదార్ల హెల్త్ కార్డు మీదికి తోశాడు.

"కార్డు పేరుకే ఉండాదే. సగం దుడ్లు మనమే కట్టుకోవల్లంట," అని రోజుకోసారి భార్య చెవిన వేసేవాడు.

హనుమంతమ్మ గట్టి మనిషి. రూపాయి ఖర్చంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. ఆయన ధైర్యమంతా అదే.

ఆమె ఆ మాట తేల్చుకుందామని ఆయన్ని అనంతపురం ఆసుపత్రికి లాక్కొచ్చింది. కౌంటరులో సరళ అనే అమ్మాయి కార్డు చూసింది.

"మామూలు లెన్సు, వార్డు, మందులు అన్నీ దీంట్లోనే వస్తాయి పెద్దాయనా."

ఓబుళేసు చేతిలోని సాకు జారిపోయింది. "మామూలుది నాకొద్దు. ఫారిన్ లెన్సు కావల్ల!"

"దానికి తేడా మీరే కట్టల్ల. ముప్పైవేలు."

"ఏసీ గది కూడా!"

"ఇంకో నాలుగువేలు."

ఇప్పుడు చూడు, రెక్క పట్టుకుని బయటికి ఈడుస్తుంది అనుకున్నాడు. హనుమంతమ్మ ఫోను తీసి చెవిన పెట్టుకుంది.

"కుళ్ళాయప్పా, మా ఇంటికాడికి పొయ్యి పొట్టేళ్లు రెండూ సంతకు తోలు. వచ్చినకాడికి అమ్మెయ్. మా ఆయన కన్నుకంటే ఎక్కువనా?"

వేరుసెనగ మేత తన చేత్తో పెట్టి పెంచిన పొట్టేళ్లు! ఓబుళేసు ఆమె ఫోను మీదికి చెయ్యి చాచాడు.

"తోలొద్దను! దుడ్లు కాదే, భయం! ఆపరేషనంటే భయం నాకు!"

క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

హనుమంతమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఈ మాట ఇంట్లోనే చెప్తే ఏం పోతాండెనయ్యా? నేను పక్కనే ఉంటా కదా. సరళమ్మా, మామూలు లెన్సే రాయి."

"మరి పొట్టేళ్లు?" అన్నాడు ఓబుళేసు.

"ఫోన్లో చార్జింగు పొద్దున్నే అయిపోయిండాది. ఫోను నల్లగా ఆరిపోయి ఉండేది కూడా కనపడకపోతే ఎట్లయ్యా?"

సరళ ఆపరేషను కాగితం ముందుకు జరిపింది. ఓబుళేసు దాని మీద సంతకం ఎక్కడ పెట్టాలో కనపడక తడుముకుంటుంటే, ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టింది.