సముద్రం ఏ వైపు?

మార్చి నెల శనివారం పొద్దున్నే, అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, తమ అపార్ట్‌మెంట్‌లో వేద ఉప్మా గిన్నె పక్కకు జరిపి ఆస్ట్రేలియా మ్యాప్ పరిచింది. పెళ్ళయి నాలుగు నెలలు. కిటికీ బయట మంచు ఇంకా కరగలేదు కానీ ఆమె మాత్రం మెల్‌బోర్న్ దాటి, తీరం వెంట పడమరకు సాగే రోడ్డెక్కేసింది. అక్కడ మన దేశంలోలాగే బళ్ళు ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అంటే ఎడమ సీటు వేదది. ఆ కిటికీ పక్కనే, చెయ్యి చాపితే తడుస్తుందేమో అన్నంత దగ్గరగా, దారి పొడవునా సముద్రం.

"డిసెంబర్‌లో వెళ్దాం. నువ్వు నడుపు, నేను సముద్రం చూస్తా," అంది. ఇంతకంటే చక్కని దాంపత్యం ఆమెకు తోచలేదు.

చిక్కంతా శ్రేయాస్‌తోనే. మిషిగన్‌లో పుట్టి పెరిగిన అతను రోడ్డుకు ఎడమవైపు ఏనాడూ నడపలేదు. అదైనా నేర్చుకోవచ్చు. భయం వేస్తే వేదకు ఇంగ్లీషు రాదు, కాకినాడ తెలుగే వస్తుంది. ఆ తెలుగులో కుడి ఏదో ఎడమ ఏదో శ్రేయాస్‌కు తెలియదు. టిఫినయ్యాక ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీస్ మొదలైంది. "ఎడమ, ఎడమ" అని వేద అనగానే అతను ధీమాగా కుడికి తిప్పి, షాపింగ్ కార్ట్‌ల వరసకు బంపర్ ఆనించాడు.

"అన్నం తినే చెయ్యి కుడి. దాన్నిబట్టి గుర్తుపెట్టుకో," అంది వేద, గుండె కుదుటపడ్డాక.

శ్రేయాస్ ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. పాపం, అతను తినేది దానితోనే.

ఇంటికొచ్చి, పెళ్ళినాటి కోన్ ఒకటి మిగిలి ఉంటే వెతికి తీసి, అతని ఎడమ అరచేతిలో గోరింటాకు చందమామ పెట్టింది. చందమామ ఉన్న వైపు ఎడమ. శ్రేయాస్ దాన్ని చూసుకుని మురిసిపోయి, రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుని సోఫాలో ఓ కునుకు తీశాడు. లేచేసరికి చెరో చేతిలో ఒక చందమామ పండి ఉంది.

ఆ సాయంత్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో జ్ఞానప్రసూన ఆంటీ ఇంట్లో భోజనం. ఆమె శ్రేయాస్ తల్లికి చిన్ననాటి స్నేహితురాలు. హాల్లో ఎటో చూస్తూ తనలో తను నవ్వుకుంటున్న వేదనీ, మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చిన శ్రేయాస్ ఎర్రటి చేతుల్నీ చూసి ఆంటీ గొంతు తగ్గించింది.

"ఏరా, ఏమన్నా విశేషమా?"

విశేషం అంటే స్పెషల్ అని మాత్రమే శ్రేయాస్‌కు తెలుసు.

"అవునాంటీ, చాలా విశేషం. డిసెంబర్‌లో. మార్నింగ్ పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీస్ కూడా చేశాం."

చివరి మాటను ఆంటీ పెద్దమనసుతో విననట్టు వదిలేసింది. మార్చి నుంచి డిసెంబర్ దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాత వేద కంచంలోకి అడక్కుండానే రెండోసారి మాగాయ వచ్చింది. వంగి చెంచా తీసుకోబోతే వద్దన్నారు. ఆంటీ భర్త ఈశ్వరయ్య అంకుల్, మనవడు వదిలేసిన ఉయ్యాలను వేద కంట పడకుండా అటక మీంచి దించి, వాళ్ళ కార్ ట్రంక్‌లో సర్ది వచ్చాడు. అమెరికా వాళ్ళు ఎంత మర్యాదస్తులో అని వేద ముచ్చటపడుతుండగానే ఆంటీ ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. కాకినాడలో అప్పుడే తెల్లవారుతోంది. అవతల వేద తల్లి ఏడుస్తూ నవ్వుతోంది.

"డిసెంబర్‌లో నువ్వెక్కడికీ కదలకే తల్లీ. నేనొచ్చేస్తున్నాను."

"అమ్మా, డిసెంబర్‌లో మేము ఆస్ట్రేలియా..."

"ఆ మాటే ఎత్తకు."

కళ్ళముందే సముద్రం వెనక్కి తగ్గిపోతుంటే వేద మెల్లిగా భర్త వైపు తిరిగింది. నువ్వేం చెప్పావని అడిగింది. ట్రిప్ విశేషం అని చెప్పానన్నాడు శ్రేయాస్. ఆంటీ కుర్చీలో కూలబడింది. అంకుల్ కార్ తాళాలు తీసుకుని ఉయ్యాల కోసం బయటికి నడిచాడు. ఫోన్లో ఈ మాటలన్నీ అటువైపు వినిపించాయి. "సరే, వెళ్ళిరండి. వచ్చాకైనా చూద్దాం," అంది తల్లి.

సముద్రం మళ్ళీ వేదదయింది. ఆ ఆనందంలో భర్తను క్షమించేసింది కూడా. అదే అదనుగా శ్రేయాస్ ఫోన్ తెరిచి ముందుకు తోశాడు.

"సర్‌ప్రైజ్. మధ్యాహ్నం టికెట్లు బుక్ చేశా. ఫ్లైట్ మంచిది దొరికింది. అడిలైడ్‌లో దిగి, అక్కడ్నుంచి డ్రైవ్ చేస్తూ మెల్‌బోర్న్‌కి."

వేద ఆ ఫోన్లోనే మ్యాప్ తెరిచి దాని మీద వేలు పెట్టింది. అడిలైడ్ పడమరన ఉంది, మెల్‌బోర్న్ తూర్పున. వేలు తూర్పుకు జరిగింది. దక్షిణాన ఉన్న సముద్రం అక్కడే ఉంది. ఈసారి అది కుడివైపుకు వచ్చింది, డ్రైవర్ కిటికీ వైపుకు.

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత అతని రెండు చందమామల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.

"కార్ నేను నడుపుతా శ్రేయాస్. కాకినాడలో నడిపినదాన్నే కదా."

కుడి అంటే ఏదో శ్రేయాస్ ఆ తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు: సముద్రం ఉండే వైపు, తనకు సీటు లేని వైపు.